దీపం లేని ఊళ్ళు, పేరు లేని వాడలు

మా ఊరి పేరు కొత్తపల్లి. ఈ మాట చెప్పగానే "ఏ కొత్తపల్లి?" అని అడగనివాళ్ళు నాకు ఇంతవరకు తటస్థపడలేదు. వాళ్ళ తప్పు లేదు. కొత్తపల్లి, కొత్తూరు, కొత్తపేట, కొత్తపాలెం, కొత్తగూడెం, కొత్తవలస - ఈ పేర్లలో ఏదో ఒకటి వినపడని ప్రాంతం తెలుగు నేల మీద అరుదు. ఇన్ని ఊళ్ళు కొత్తవైతే పాతవి ఏమైనట్టు? ఈ ప్రశ్న నాకు చిన్నతనంలో తట్టలేదు. తట్టేసరికి, దానికి జవాబు చెప్పగల పెద్దలు చాలామంది పోయారు.

మా ఊరికి తూర్పున మైలు దూరంలో ఒక పాటిదిబ్బ ఉండేది. వేసవిలో మా నాయన బండి కట్టుకుని పోయి అక్కడినుంచి పాటిమన్ను తోలేవాడు. పాటిమన్ను అంటే ఒకప్పుడు మనుషులూ పశువులూ బతికిన చోటి మన్ను. బూడిద, పేడ, చెత్త, ఎముకలు కలిసి ఏళ్ళ తరబడి మాగిన మన్ను. చేనికి అంతకు మించిన బలం లేదని రైతులు అనేవారు. బండి వెంట నేనూ పోయేవాణ్ణి. పార వేసిన చోటల్లా కుండపెంకులు బయటపడేవి. గాజుముక్కలు దొరికేవి. ఒకసారి సగం విరిగిన తిరగలి రాయి దొరికితే ఇంటికి మోసుకొచ్చాను. "ఎవరిదో ఏమో, మళ్ళీ అక్కడే పెట్టిరా" అన్నది మా అవ్వ. ఆ ఊరి పేరేమిటని అడిగాను. "పాడుపడిన ఊరికి పేరెందుకు నాయనా, పాటి అంటే చాలదా?" అన్నది.

ఆ పేరు నాకు చాలా ఏళ్ళ తరవాత, మా నాయన పోయాక, భూమి కాగితాలలో కనబడింది. ఆయన దున్నిన చేనుల సర్వే నెంబర్లు కొత్తపల్లి గ్రామంలో లేవు. చింతలపాడు అనే గ్రామంలో ఉన్నాయి. ఆ గ్రామంలో ఎవరూ లేరు కదా అని అడిగితే, "అది బేచిరాగు గ్రామం సార్, రికార్డులో ఉంటుంది" అన్నాడు ఆ కాగితాలు చూపించిన గుమాస్తా. బేచిరాగు అనేది పారశీకం నుంచి మన రెవిన్యూ భాషలోకి వచ్చిన మాట. చిరాగు అంటే దీపం. దీపం పెట్టే దిక్కులేని ఊరు బేచిరాగు ఊరు. కావ్యాలలో వెతికినా దొరకనంత మంచి మాట ఒక శిస్తు పుస్తకంలో దొరికింది నాకు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే, నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ళది మా ఊరి మాలవాడ. ఏదో దరఖాస్తు నింపుతూ గ్రామం అన్న గడి దగ్గర ఆగిపోయాడు. "సార్, మేము రెండువందల ఇళ్ళవాళ్ళం. మా వాడకు రికార్డులో పేరు లేదు. హరిజనవాడ అని రాస్తారు. అది పేరా?" అన్నాడు.

ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు నాకు ఒక విషయం అర్థమైంది. మన దేశంలో మనుషులు లేకున్నా పేరున్న ఊళ్ళు ఉన్నాయి. మనుషులుండీ పేరులేని ఊళ్ళూ ఉన్నాయి. శిస్తు కట్టవలసిన భూమి ఉంటే, అందులో ఒక్క దీపం లేకున్నా ప్రభుత్వం దాని పేరు పోనివ్వదు. భూమి లేని మనిషి నివసించే చోటుకు, అక్కడ రెండువందల దీపాలు వెలిగినా పేరు అవసరమని తోచదు. ఊరి పేరు భాషాశాస్త్ర విషయం మాత్రమే అనుకునేవాళ్ళు ఈ సంగతిని కొంచెం ఆలోచించాలి. పేరు పెట్టే హక్కు కూడా భూమి మీది హక్కులాగే పంపకమైంది.

ముందు శ్రమచేసినవాళ్ళు పెట్టిన పేర్లు చూద్దాం. ఇవి నేలను చూసి పెట్టినవి. చింతపల్లి, రావిపాడు, మర్రిపాడు, తాడేపల్లి, తుమ్మలపల్లి - చెట్టును గుర్తు పెట్టుకుని ఊరికి దారి చెప్పుకున్నవాళ్ళు పెట్టిన పేర్లివి. లంక అంటే ఏటి నడిమి నేల అనీ, పర్రు అంటే నీరు నిలిచే పల్లపు బీడు అనీ, కుంట, మడుగు, చెరువు అంటే ఏమిటనీ తెలిసినవాడికి మన ఊళ్ళ పట్టిక చదివితే సగం భూగోళం కళ్ళకు కట్టుతుంది. పాడు అనగానే పాడుపడ్డ ఊరని అనుకుంటారు గాని, ఊరిపేరు చివర వచ్చే ఆ మాటకు నివాసమనే అర్థమని పరిశోధకులు చెపుతారు. పట్టణాన్ని మన పూర్వులు ప్రోలు అన్నారు. భట్టిప్రోలులో ఆ మాట చెక్కుచెదరకుండా ఉంది. చేబ్రోలులో, నిడదవోలులో అరిగి మిగిలింది.

పెద్ద ప్రాంతాలకూ ఇలాంటి పేర్లే ఉండేవి. వెలనాడు, కమ్మనాడు, పాకనాడు, వేగినాడు, ములికినాడు, పలనాడు, రేనాడు. క్రీ.శ. 575 ప్రాంతానిదని చెప్పే కడప జిల్లా కలమళ్ళ శాసనంలో రేనాడు పేరు కనిపిస్తుంది. తెలుగు రాత మొదలవుతూనే ఒక నేల పేరుతో మొదలైందన్నమాట. ఆ నాడులలో చాలా భాగం తరవాత పరిపాలనా పటం మీదినుంచి తుడిచిపెట్టుకుపోయి కులాల, శాఖల పేర్లలో మాత్రం తలదాచుకున్నాయి. తమను వెలనాటివారమని, ములకినాటివారమని చెప్పుకునేవారిలో ఆ నేలలు ఎక్కడున్నాయో చెప్పగలవాళ్ళు ఈనాడు ఎందరు?

ఉత్తరాంధ్రలో వలస అనే మాటతో ముగిసే ఊళ్ళు చూడండి. ఆమదాలవలస, కొత్తవలస. ఒకచోటినుంచి కదిలిపోయి మరొకచోట గుడిసె వేసుకున్నవాళ్ళు ఆ కదలికనే ఊరికి పేరుగా పెట్టుకున్నారు. కరువో, వరదో, గత్తరో, శిస్తు పీడనో, దోపిడీ దండులో - కారణం ఊరూరికీ వేరు. కాని కదలిక నిజం. ఆ జిల్లాలనుంచి విశాఖపట్నానికీ, హైదరాబాదుకూ, ఇంకా దూరాలకూ పనికోసం పోయేవాళ్ళతో నేటికీ రైళ్ళు నిండుతున్నాయి. ఆ ఊళ్ళ పేర్లు చరిత్రను చెప్పడమే గాక వర్తమానాన్నీ చెపుతున్నాయి.

ఇక్కడ జనవ్యుత్పత్తి గురించి ఒక మాట చెప్పాలి. పండితులు దీన్ని చూసి నవ్వుతారు. కర్నూలు పాతపేరు కందనవోలు. ఆలంపురం గుళ్ళకు రాళ్ళు తోలే బండ్లు తుంగభద్ర దాటేముందు అక్కడ ఆగి ఇరుసులకు కందెన వేసుకునేవట, అందుకని కందనవోలు అయిందట. బెజవాడ కొండలో కృష్ణ బెజ్జం చేసుకుని పారింది గనక బెజవాడ అయిందట. ఇలాంటి కథలు ధ్వని సామ్యం మీద అల్లినవి కావచ్చు. వ్యుత్పత్తిగా వీటిని ఒప్పుకోవలసిన పనిలేదు. కాని వీటిని అల్లినదెవరో గమనించాలి. ఆలంపురం గుళ్ళు కట్టించిన రాజుల మీద గ్రంథాలున్నాయి. రాళ్ళు మోసిన ఎడ్లకూ, బండివాళ్ళకూ, ఇరుసు కిర్రుమనకుండా రాసిన కందెనకూ ఉన్న గుర్తు ఆ కథ ఒక్కటే. వ్యుత్పత్తి తప్పయినా అందులోని జ్ఞాపకం విలువైనది. ఆ జ్ఞాపకాన్ని అప్రామాణికమని పారవేసే విమర్శకుడు, శాసనంలో రాజు తన్ను తాను పొగడుకున్న ప్రతి విశేషణాన్నీ ప్రమాణంగా తీసుకుంటాడు!

మరి పైనుంచి వచ్చిన పేర్లు ఎలా వచ్చాయి? దీనికి రాగిరేకులే సాక్ష్యం. పల్లెను బ్రాహ్మణులకు దానమిస్తూ రాజు దానికి తన పేరో, తన తల్లిదండ్రుల పేరో, తన బిరుదో పెట్టి పురం చేస్తాడు. నిడదవోలుకు మూలం నిరవద్యప్రోలు. నిరవద్యుడనేది తూర్పు చాళుక్యుల బిరుదు. అగ్రహారం, ఖండ్రిక, శ్రోత్రియం, తరవాతి కాలంలో ముఖాసా, జాగీరు, ఇనాము - ఈ మాటలు ఊరి పేర్లకు తగిలాయంటే ఆ ఊరి పంటలో ఎవరికి వాటా ఉందో పేరులోనే రాసిపెట్టారన్నమాట. చెట్టు పేరో చెరువు పేరో ఉన్న పల్లె దానపత్రం పేరు మోయడం మొదలుపెట్టింది.

ఈ శాసనాల్లో సాహిత్య విద్యార్థులు చూడవలసిన విశేషం ఒకటుంది. రాజవంశ వర్ణనా, దానఫలమూ సంస్కృత శ్లోకాల్లో దొర్లుకుంటూ పోతాయి. పొలిమేరలు చెప్పవలసిన చోటికి వచ్చేసరికి చాలా శాసనాల్లో భాష తడబడి తెలుగులోకి దిగుతుంది. ఇటు పుట్ట, అటు కుంట, ఆ మూల చింత, ఈ మూల గట్టు. దానం చేసింది ఎంత భూమో ఖచ్చితంగా తేలాలంటే దాన్ని దున్నేవాడి మాట వాడక తప్పలేదు. మన ప్రాచీన గద్యం పుట్టుక గురించి మాట్లాడేటప్పుడు ఈ పొలిమేర మాటలను మనం ఎంత తక్కువగా లెక్కపెట్టామో ఆలోచించాలి.

రాజు పెట్టిన పేరల్లా నిలవలేదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రెండేళ్ళపాటు రోజుకు 1000 మంది మనుషులు పనిచేశారనీ, రాళ్ళు తోలడానికి 100 బండ్లు నడిచాయనీ ఆ శాసనం లెక్క చెపుతుంది. కూలివాళ్ళ సంఖ్యను రాతిమీద ఎక్కించిన శాసనాలు అరుదు గనక ఈ శాసనానికి మనం రుణపడి ఉండాలి. కాని ఆ 1000 మందిలో ఒక్కడి పేరూ లేదు. చెరువుకు మాత్రం అనంతరాజసాగరం అని పేరు పెట్టారు. ఆ పేరు రాతిమీదే ఉండిపోయింది. జనం నోట అది పోరుమామిళ్ళ చెరువే.

అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రంలో మాత్రం రాజు పేరే నిలిచింది. నీటికి కటకటలాడే సీమలో చెరువును సముద్రమన్నారు. ఆ ఎండలో నిలబడి చూస్తే అందులో అతిశయోక్తి కంటే ఆశే ఎక్కువ కనిపిస్తుంది. ఆ చెరువుకట్ట తెగబోతే ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే కోడలు బలి అయిందనే కథ సీమలో తరతరాలుగా ఉంది. కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘ముసలమ్మ మరణము’ కావ్యానికి అదే వస్తువు. ఆధునిక తెలుగు కవిత్వ చరిత్ర చదివే ప్రతి విద్యార్థీ ఆ కావ్యం దగ్గర ఆగుతాడు. త్యాగమనీ, కరుణ రసమనీ రాస్తాడు. ఊరి పేరు దగ్గర ఎందుకు ఆగడు? కట్టకు ప్రాణమిచ్చింది ఒక రైతుకుటుంబపు కోడలు. సముద్రానికి పేరు బుక్కరాయలది. పేర్ల పంపకం ఎలా జరిగిందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ నాకు దొరకలేదు.

తరవాత వచ్చిన పాలకులూ ఇదే పని చేశారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుమీద పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. ఇందూరు నిజామాబాద్ అయింది. వీటిని చూపించి, ఒక మతంవాళ్ళు మరో మతంవాళ్ళ పేర్లను చెరిపేశారని వాదించేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. పాతపేర్లు తిరిగి పెడితే అన్యాయం సరిదిద్దినట్టేనని వాళ్ళంటారు. నేను ఒప్పుకోను. పల్లెను పురం చేసిన చేతికీ, పురాన్ని ఆబాద్ చేసిన చేతికీ మతం వేరు కావచ్చు, పని ఒక్కటే. రెండూ దున్నేవాణ్ణి అడగకుండా పెట్టిన పేర్లే. అగ్రహారం పేరును వదిలిపెట్టి ఆబాద్ పేరు మీద మాత్రం కోపం తెచ్చుకునేవాడికి ఊరి చరిత్ర మీద ప్రేమ ఉందని నేను నమ్మను.

పాలమూరు సంగతే చూడండి. కాగితం మీద శతాబ్దానికి పైగా మహబూబ్‌నగరమే. కాని దేశమంతటా ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసిన ఆ జిల్లా శ్రమజీవులను ఎవరూ మహబూబ్‌నగర్ కూలీలనలేదు. పాలమూరు కూలీలన్నారు, పాలమూరు లేబరన్నారు. రాజు పేరు కచేరీలో ఉండిపోయింది. పాత పేరు తట్టా పారా పట్టుకుని దేశాలు తిరిగింది.

ఇంగ్లీషువాళ్ళది మరొక పద్ధతి. వాళ్ళు మొదట మన పేర్లను తమ నాలుకకు తగ్గట్టు విరిచారు. శ్రీకాకుళం చికాకోల్ అయింది, కాకినాడ కోకనాడ అయింది. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి, మళ్ళీ రెండుగా పంచి, గోదావరి, కృష్ణ అని నదుల పేర్లు పెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయని గుర్తుంచుకుంటే, ఆ పేర్లలో నదీభక్తి కంటే నీటితీరువా లెక్క ఎక్కువగా ఉందని నాకు తోస్తుంది. 1925లో గోదావరి పేరును తూర్పు, పశ్చిమ అని దిక్కుల చొప్పున రెండు జిల్లాలకు పంచారు. అదే కంపెనీ దొరల్లో కాలిన్ మెకంజీ అనే ఒకాయన, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల శ్రమతో ఊరూరి కైఫీయతులు సేకరించాడు. అడవి నరికి, పశువుల మంద తోలుకొచ్చి, పల్లె కట్టుకున్నవాళ్ళ జ్ఞాపకాలు కొన్నయినా ఆ కైఫీయతుల్లో మిగిలాయి. అయితే వాటిని చెప్పింది ఎక్కువగా కరణాలు. చెరువు తవ్విన ఒడ్డెవాణ్ణి పిలిచి ఊరి కథ చెప్పమని ఎవరూ అడగలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక పేర్లు పెట్టే పని మన చేతికి వచ్చింది. ఏం చేశాం? 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చాం. తుపాకీకి ఎదురు నిలిచిన మనిషి పేరు అది, సంతోషమే. ఇందులో ఒక చిత్రముంది. టంగుటూరి అన్న ఆయన ఇంటిపేరే ఒక ఊరిపేరు. ఆ టంగుటూరు ఆ జిల్లాలోనే ఉంది. ఊరు మనిషికి పేరిచ్చింది, మనిషి జిల్లాకు పేరిచ్చాడు. ఇలాంటి సహజమైన ఇచ్చిపుచ్చుకోలు అన్నిచోట్లా జరగలేదు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. దేవుళ్ళు, వాగ్గేయకారులు, ముఖ్యమంత్రులు, వీరులు జిల్లాల మీదికి ఎక్కారు. నిజాం సైన్యంతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమరం భీం పేరును అసఫ్ జాహీల పేరు మోసే ఆసిఫాబాద్‌తో జంట చేసి ఒక జిల్లాకు పెట్టారు. చంపినవాడి పేరూ చచ్చినవాడి పేరూ ఒకే బోర్డు మీద ఇరుక్కున్నాయి. మన్యానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. 1922లో ఆయన వెంట చింతపల్లి ఠాణా మీదికి నడిచిన మన్యపు జనం గూడేల పేర్లు మన పాఠ్యపుస్తకాలలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. పల్నాడు జిల్లా అయినందుకు మాత్రం నాకు సంబరమనిపించింది. ఒక పాత నాడు, ఏ ప్రభువు పేరూ తగిలించుకోకుండా, ఇన్ని శతాబ్దాల తరవాత తిరిగి పటం మీదికి వచ్చింది.

పేరులో ఏముంది అనేవాళ్ళకు కోనసీమ జవాబు చెప్పింది. ఆ జిల్లా పేరుకు ముందు డాక్టర్ అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రతిపాదన రాగానే 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. కోనసీమ అన్న పేరును ఎవరూ తీసివేయలేదు. దానికి ముందు ఒక పేరు చేర్చారు, అంతే. దానికింత మంట ఎందుకు లేచింది? ఊరు ఎవరిదన్న ప్రశ్నకు ఊరి పేరే జవాబు గనక. అగ్రహారమన్న పేరుతో ఇన్ని శతాబ్దాలు ఇబ్బంది పడనివాళ్ళు అంబేద్కర్ పేరుకు ఉలిక్కిపడ్డారంటే, పేరు హక్కుపత్రమని వాళ్ళకు మనకంటే బాగా తెలుసు.

ఇక పేరులేని వాడల సంగతి. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి నవల పేరు ‘మాలపల్లి’. ఆ శీర్షిక ఒక ఊరి పేరా? కాదు. ప్రతి ఊరికీ పక్కన ఉండే, ఏ ఊరిగానూ లెక్కకు రాని చోటు అది. దాన్ని ఒక మహానవలకు పేరుగా పెట్టడమే ఆనాటికి పెద్ద తిరుగుబాటు. ఆ తరవాత నూరేళ్ళు గడిచాయి. తండాల కథా ఇదే. తండాను కట్టిన నాయకుడి పేరుతోనో, పక్కనున్న గుట్ట పేరుతోనో లంబాడీలు పిలుచుకుంటారు. తరతరాలుగా అవి మరో గ్రామానికి శివార్లుగా, మజరాలుగానే కాగితాల్లో బతికాయి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం కింద పెద్ద తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. తండా పేరు పంచాయతీ ముద్రలోకి ఎక్కడానికి ఇన్నాళ్ళు పట్టింది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. చనిపోయినవారిని ఊరి నడుమ ఖననం చేసి, ఆ నేలకు దళితులు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఏ సర్వే నెంబరూ ఆ పేరు ఇవ్వలేదు. ఏ శాసనమూ చెక్కలేదు. ఊరికి పేరుపెట్టే హక్కు ఎన్నడూ లేనివాళ్ళు తమ నెత్తురు పడ్డ నేలకు తామే పెట్టుకున్న పేరది. తెలుగునాట ఇటీవలి కాలంలో పుట్టిన స్థలనామాలలో అంత బరువైనది నాకు మరొకటి తెలియదు.

మునిగిపోయిన ఊళ్ళ పేర్లు మరోరకం. 1981లో శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్ళెన్నో మునిగాయి. మొన్న 2021లో మల్లన్నసాగర్ కింద మునిగిన వాటిలో వేములఘాట్ ఒకటి, ఏటిగడ్డ కిష్టాపూర్ ఒకటి. ఏటిగడ్డ అంటే ఏటి ఒడ్డు. ఆ ఊరి జనాన్ని గజ్వేల్ దగ్గర కాలనీకి తరలించారు. పేరును జనం తమవెంట తీసుకుపోగలరు, ఏటిని తీసుకుపోలేరు కదా! రేపు ఆ కాలనీలో పుట్టిన పిల్లవాడు "ఏటిగడ్డ అని ఎందుకన్నారు?" అని అడిగితే, నేను మా అవ్వను అడిగినట్టే అడుగుతాడు. వాడికి జవాబు చెప్పేవాళ్ళు అప్పటికి మిగలాలి.

అందుకే ఈ వ్యాసం రచయితలకూ, సాహిత్యం చదువుకునేవాళ్ళకూ రాస్తున్నాను. మనలో ఈ పని చేసినవాళ్ళు లేకపోలేదు. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీదనే పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. ఆయన కథల్లో ఊరు కేవలం నేపథ్యంగా కాక మనిషిలా కనిపించడానికి ఆ పరిశోధన తోడ్పడిందని నేను అనుకుంటాను. ఊళ్ళ పేర్ల పట్టిక ప్రభుత్వం దగ్గర ఉంది. లేనివి చేల పేర్లు, దిన్నెల పేర్లు, బావుల పేర్లు, వాడల పేర్లు. సర్వే నెంబరు వచ్చిననాటినుంచి చేను పేరు చావడం మొదలైంది. చేను అమ్ముడుపోయి ప్లాట్లయిననాడు అది పూర్తిగా చస్తుంది. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒక నోటుపుస్తకం తీసుకుని, ముందు కూలికి పోయే ఆడవాళ్ళను అడిగి, ఆ తరవాతే పెద్దరైతులను అడిగి, ఈ పేర్లు రాసి పెట్టాలి. ఏ చేను ఎక్కడుందో, దాని పేరేమిటో అందులో కలుపు తీసినవాళ్ళకే బాగా తెలుసు. "అనగనగా ఒక పల్లె" అని కథ మొదలుపెట్టే ముందు, ఆ పల్లెను ఎవరు ఏమని పిలుస్తారో తెలుసుకుంటే మన కథలకు నష్టమేమీ లేదు.

నా దగ్గరకు వచ్చిన అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. వాళ్ళ వాడకు అసలు పేరే లేదా అని ఆరోజు అడిగాను. "మా జేజి రాళ్ళగడ్డ అంటుంది సార్. ఊళ్ళోవాళ్ళు ఎవరూ ఇల్లు కట్టుకోని రాళ్ళచోటు మాకిచ్చారంట" అన్నాడు. తరవాత రెండేళ్ళకు ఆ కుర్రవాళ్ళంతా చందా వేసుకుని వాడ మొదట్లో సిమెంటు పలక కట్టారు. దానిమీద అంబేద్కర్ నగర్ అని రాయించారు. పలక తెరిచిననాడు నన్నూ పిలిచారు. వాళ్ళ జేజి పలకను చేత్తో తడిమి చూసి, "ఏం రాసినార్రా?" అని అడిగింది. చెప్పారు. "మంచిదే. రాళ్ళగడ్డని కూడా చిన్నగా కింద రాయించండి. రాళ్ళు ఏరింది మేమే కదా" అన్నది.

రాయించారు. ఇప్పుడు ఆ పలక మీద రెండు పేర్లున్నాయి. మా చింతలపాటికి మాత్రం రెవిన్యూ పుస్తకంలో తప్ప పలక లేదు. పాటిమన్ను తోలీ తోలీ దిబ్బ నేలమట్టమైంది. మా నాయన తోలిన మన్నుతో పండిన గింజలు తిన్నవాణ్ణి గనక, ఆ ఊరి పేరు ఇక్కడ రాసి ఉంచుతున్నాను.